అవ్వ చెప్పిన కెమ్మణ్ణు

ఫ్రెండ్స్, ముందే ఒక మాట ఒప్పుకుంటాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ‘ఓకర్’ అనే మాట ఆస్ట్రేలియా ఆదివాసీల చిత్రకళ గురించి చదువుతుంటే తగిలింది. రంగు మట్టి అని అర్థం. ఆ మట్టి మా ఇంటి గోడకే ఉందని మాత్రం సంక్రాంతి సెలవుల్లో తెలిసింది.

మాది గుడిబండ. కర్ణాటక బార్డర్ కాబట్టి ఇళ్లల్లో తెలుగు, కన్నడం కలిసే నడుస్తాయి. ఫోన్లో ఆ బొమ్మలు చూపించి, “అవ్వా, ఇవి మట్టితో వేసిన రంగులంట” అన్నాను. అవ్వ నవ్వి, “కెమ్మణ్ణు కదప్పా, ఎర్రమన్ను! మన గోడకు కిందంతా పూసేది అదే కదా” అనింది. జేగురు, జాజు, కావి అని కూడా మనవాళ్లు అంటారు. ఇన్ని పేర్లుంటే నాకు ఇంగ్లీష్ పేరొక్కటే తెలుసు!

ఎరుపు ఎక్కడిది?

ఇనుము వల్ల. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి హెమటైట్ అయితే ఎరుపు. అదే ఇనుము నీటి అంశతో కలిసి గోథైట్‌గా ఉంటే పసుపు. పసుపు మన్నును సుమారు 300 డిగ్రీల దాకా కాలిస్తే నీరు పోయి ఎర్రమన్ను అవుతుంది. ఆకుల, పూల రంగులు ఎండకు వెలిసిపోతాయి. ఇది వెలవదు. ఎందుకంటే ఆ ఇనుము ఇప్పటికే తుప్పు పట్టేసింది, ఇంకా మారడానికేమీ లేదు. సున్నం ఘాటుకూ తట్టుకుంటుంది.

దీనికి రుజువు మా పక్కనే, హిందూపురం దాటితే లేపాక్షిలో ఉంది. వీరభద్రస్వామి గుడిని 16వ శతాబ్దంలో, అచ్యుత దేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. తలెత్తి చూడండి. రాతి కప్పు మీద సున్నపు పూత, దాని మీద ఎరుపు, పసుపు మట్టి రంగులు, సున్నపు తెలుపు, మసి నలుపు. శివపార్వతుల పెళ్లి, కిరాతార్జునీయం ఇంకా కనిపిస్తాయి. ఇంకా వెనక్కి పోతే, కడప జిల్లా చింతకుంట రాళ్ల మీద ఆదిమానవులు గీసిన బొమ్మల్లోనూ ఎరుపు, తెలుపే.

రెండు కథలు, ఒకటే రంగు

లేపాక్షిలో గోడ మీద రెండు ఎర్ర మరకలు చూపిస్తారు. ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడని కళ్లు పీకించమని రాజు ఆజ్ఞ ఇస్తే, విరూపణ్ణే తన కళ్లు పీకి గోడకు కొట్టాడని కథ. పశ్చిమ ఆస్ట్రేలియాలో విల్గీ మియా అనే ఎర్రమన్ను గని ఉంది. వేల ఏళ్లుగా తవ్వుతున్నారు. ఈటె తగిలిన ఒక పెద్ద కంగారూ గంతులు వేస్తూ అక్కడికి వచ్చిందని, దాని రక్తమే ఎర్రమన్ను, కాలేయమే పసుపు మన్ను అయ్యాయని అక్కడి ఆదివాసీలు చెబుతారు. ఒకరినొకరు చూడని మనుషులు ఎర్రమరకలో నెత్తురునే చూశారు. మన రక్తం ఎరుపుకీ ఇనుమే కారణమని తెలిశాక నాకు ఒళ్లు జలదరించింది.

చేసి చూద్దామా?

ఎర్రమన్నును నీళ్లలో కలిపి ఒక నిమిషం ఆగాలి. ఇసుక అడుక్కు పోతుంది. పైనున్న ఎర్ర నీళ్లను వేరే గిన్నెలోకి వంచి ఒక రాత్రి ఉంచాలి. తేరిన నీళ్లు పారబోసి, అడుగున దిగిన మెత్తటి ముద్దను ఎండబెట్టి నూరాలి. అంతే, రంగు రెడీ.

నేను దాన్ని నీళ్లతోనే కలిపి అట్ట మీద పూశాను. ఆరాక చెయ్యి తగిలితే మొత్తం రాలిపోయింది. అవ్వ చూసి, “జిగురు లేకుండా ఎట్ల నిలుస్తాదప్పా?” అనింది. తుమ్మబంక నానబెట్టి ఆ నీళ్లతో కలిపితే నిలిచింది. సీఎస్ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, డిపెండెన్సీ మిస్ అయింది!

అన్న పెళ్లి వస్తోందని నాన్న ఇల్లంతా ఎమల్షన్ వేయిద్దామన్నారు. అవ్వ ఏమీ అనలేదు, గోడ మీద చెయ్యి మాత్రం పెట్టింది. నేనే అడిగాను. ముందు గోడలకు పెయింట్ పడింది, పెరటి గోడ మిగిలింది. అవ్వకు ఇప్పుడు వంగడం కష్టం. అందుకే ఉగాదికి దానికి కెమ్మణ్ణు పూయడం నా పని.

మీ ఊళ్లో ఈ మట్టిని ఏమంటారు? ఈసారి ఇంటికి పోయినప్పుడు అడగండి. అడిగితే చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగండి.