మూసీ వరద: ఒక బిట్టు, మూడు పాఠాలు

పోటీ పరీక్షల గైడ్లలో మూసీ వరద ఒక్క బిట్టు: 1908 సెప్టెంబరు 28. విడమరిచి చదివితే అందులో మనకు మూడు పాఠాలున్నాయి.

సైన్సు: మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుంది. కుండపోత వానకు ఎగువ చెరువులు తెగాయి. గొలుసుకట్టులో పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు కట్ట మీద పడతాయి. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా.

రాజకీయం: 1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఎగువనే ఆపాలన్నది ఆయన సలహా. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలపై 1996లో 111 జీవో ఆంక్షలు పెట్టింది. తాగునీరు ముఖ్యమా, భూమి ధర ముఖ్యమా అన్న తగవు అక్కడ మొదలైంది.

నగర జీవితం: ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి ఆ వరదలో 150 మంది దాకా బతికారు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో అల్ జుబేల్ కాలనీ మునిగింది.

ఇవన్నీ చదవడానికి చార్మినార్ నుంచి నయాపూల్ దాటితే చాలు. అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా పేరుతో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది.

మన ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మనమే. చౌకగా వస్తోందని జాగా కొనేముందు అమ్మానాన్నలు అడిగేది మననే. అది చెరువు శిఖమా, నాలా దారా అని చెప్పగలిగితేనే మన చదువు ఇంటికి చేరినట్టు.