కీలు కొత్తది, కండకు బలం రావాలి

ప్రశ్న: రెండు నెలల క్రితం మా అమ్మకు (66) మోకీలు మార్పిడి ఆపరేషన్ చేయించాం. నొప్పి తగ్గింది గానీ మెట్లెక్కలేకపోతోంది. ఇంకా ఖరీదైన ఇంప్లాంట్ వేయించాల్సిందా? – ఒక పాఠకురాలు, భన్‌పురి, రాయ్‌పూర్

జవాబు: ఆ దిగులు పెట్టుకోకండమ్మా. మెట్లెక్కించేది ప్రధానంగా తొడ ముందుభాగంలోని క్వాడ్రిసెప్స్ కండరం. ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. కండ కరగడం ఒక్కటే కారణం కాదు. కీలు వాచి ఉన్నంతకాలం నరాలు ఆ కండరాన్ని పూర్తిగా పనిచేయనివ్వవు. అందుకే వాపు తగ్గించడం కూడా వైద్యమే.

ఇంప్లాంట్లలో వెనక లిగమెంటును ఉంచేవి, దాని పనిని తామే చేసేవి, లోపలివైపు ఇరుసుగా తిరిగేవి ఉన్నాయి. ఏ ఒక్క రకమూ కండకు స్పష్టంగా ఎక్కువ బలమిస్తుందని పరిశోధనల్లో తేలలేదు. వీటి ధరలకు 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి విధించింది కూడా.

అమ్మగారితో తొడ బిగించి మోకాలు చాపడం, ఎత్తు కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ చేయించండి. తర్వాత నాలుగంగుళాల పీట ఎక్కించండి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చెయ్యి రెయిలింగ్ మీదే ఉండాలి. మంచి కాలి మీదే భారం వేసే అలవాటు మాన్పించాలి, చాలామంది దగ్గర నేను చూసే చిక్కు ఇదే. బలం తిరిగి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు.

జ్వరం, గాయం ఎర్రబడటం, పిక్కలో వాపూ నొప్పీ ఉంటే మాత్రం వ్యాయామం ఆపి అదే రోజు సర్జన్‌కు చూపించండి.