విండోస్ పోతే ఆటలూ పోతాయా?

ప్రశ్న: మా పాత కంప్యూటర్లో విండోస్ 11 ఎక్కదట. 10కి ఇక అప్‌డేట్లు రావంటున్నారు. మా అబ్బాయి లినక్స్ వేస్తానంటున్నాడు. డబ్బు పోసి కొన్న ఆటలన్నీ పోతాయేమోనని నా బెంగ.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: బెంగపడకండమ్మా, కొన్నవి ఎక్కడికీ పోవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట నిజమే. కానీ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్నవి బాబు ఖాతాలో ఉంటాయి, లినక్స్‌లో అదే ఖాతా తెరిచి మళ్లీ దించుకోవచ్చు. విండోస్ ఆటకీ లినక్స్‌కీ మధ్య దుబాసీలా పనిచేసే ప్రోటాన్‌ను స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థ 2018లోనే అందులో చేర్చింది. 2022లో ఆ సంస్థే తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడుకునే స్టీమ్ డెక్ నడిచేదీ లినక్స్ మీదే. ఒక్కటి మాత్రం చూసుకోమనండి: అన్ని ఆటల సేవ్ ఫైళ్లూ క్లౌడ్‌లోకి వెళ్లవు, వెళ్లనివాటిని ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి.

ప్రశ్న: నాన్నగారి ఆఫీసు ఫైళ్లు, అక్క పెళ్లి ఫొటోలు అన్నీ ఈ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. లినక్స్ పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకుని కూడా పెట్టడానికి చెయ్యి రావట్లేదు.
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీది పనికొచ్చే భయమే. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా నష్టం జరిగేది ఈ ఒక్క చోటే. అయితే పెన్‌డ్రైవ్ మీంచే మింట్, పాప్ ఓఎస్ లాంటివి నడిపి చూస్తే డిస్కుకు ఏమీ కాదు. వైఫై, సౌండు పనిచేస్తున్నాయో చూసుకుని ఆపేస్తే విండోస్ ఎప్పట్లాగే వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ ఎంచుకుంటే మాత్రం పెళ్లి ఫొటోలతో సహా అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ముందు వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి.

ఇంకో మాట. చాలా కొత్త లాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ అనే తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. లినక్స్ కోసం బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో) ఏదైనా మారిస్తే అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందేమో చూసి, కాగితం మీద రాసుకున్నాకే బయాస్ జోలికి వెళ్లండి. జాగా ఉంటే లినక్స్‌కి వేరే ఎస్ఎస్‌డీ వేయించుకోమంటాను. ఖర్చే, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

ప్రశ్న: ఎన్విడియా డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేస్తే నీలిరంగు తెర వచ్చి ‘ఎంఓకే మేనేజ్‌మెంట్’ అంటూ ఏదో అడిగింది. హడలిపోయి పవర్ బటన్ నొక్కేశాను. పాడుచేశానా?
– వరంగల్ నుంచి

జవాబు: ఏమీ పాడవలేదు. విండోస్ కూలిపోయినప్పుడు వచ్చే నీలి తెర వేరు, ఇది వేరు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు ‘ఈ డ్రైవర్‌ను నమ్మమంటారా?’ అని కంప్యూటర్ మీ అనుమతి అడుగుతోందంతే. మళ్లీ వస్తే ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, ఇన్‌స్టాల్ వేళ మీరు పెట్టిన పాస్‌వర్డ్ కొట్టండి. ఆ తెర రాకపోతే డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేయండి, అంతవరకు ఆటలు నత్తనడక నడవడం మామూలే. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా నల్ల తెర తప్ప ఏమీ రాకపోతే, అప్పుడు తెలిసినవారిని పిలవండి.

ప్రశ్న: ఆట తెరవగానే ‘వల్కన్ షేడర్లు’ ప్రాసెస్ చేస్తున్నానంటూ చాలాసేపు ఆగిపోతోంది. ఫ్యాను హోరెత్తుతోంది. లాప్‌టాప్ కాలిపోతుందా?
– నెల్లూరు నుంచి

జవాబు: కాలిపోదు, ఫ్యాను తిరగడం మంచిదే. ఆట బొమ్మల్ని మీ గ్రాఫిక్స్ కార్డుకు తగ్గట్టు ముందే సిద్ధం చేసుకుంటోంది. మొదటిసారి, మళ్లీ ఆటకో డ్రైవర్‌కో అప్‌డేట్ వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ తర్వాత కూడా ఆట తెరుచుకోకపోతే, దాన్ని పాత విండోస్ డి డ్రైవ్‌లో పెట్టారేమో చూడండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి డ్రైవ్‌లతో ప్రోటాన్‌కి సరిపడదు.

ప్రశ్న: తమ్ముడికి వాలరెంట్ ఆటంటే ప్రాణం. లినక్స్‌లో తెరుచుకోవట్లేదు. ఖాతా బ్యాన్ అయ్యిందా?
– డాలస్ నుంచి ఒక అక్క

జవాబు: తెరుచుకోకపోవడం బ్యాన్ కాదు. ఆటలో మోసాలు పట్టే కాపలా సాఫ్ట్‌వేర్ వాన్‌గార్డ్ విండోస్ లోలోపల కూర్చుని పనిచేసేది, లినక్స్‌లో నడవదు. ఫోర్ట్‌నైట్ కూడా లినక్స్‌లో నడవదు. అపెక్స్ లెజెండ్స్ కూడా 2024లో లినక్స్‌కి తలుపు మూసేసింది. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 మాత్రం చక్కగా ఆడుకోవచ్చు. అడ్డదారిలో తెరిపిస్తామనే వీడియోలు నమ్మొద్దు, ఖాతాకు ముప్పు అక్కడే ఉంది. వాలరెంటే ప్రాణమైతే మీ తమ్ముడికి విండోస్ ఉంచేయండి. లినక్స్ అభిమానిగా ఈ మాట చెప్పడం నాకు కష్టమే.

ప్రశ్న: లినక్స్ పక్కనే విండోస్ ఉంది. విండోస్‌లోకి వెళ్తే టైము ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది. వైరసా?
– కర్నూలు నుంచి

జవాబు: వైరస్ కాదండీ. బోర్డు మీది గడియారాన్ని లినక్స్ ప్రపంచ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. ఆ తేడాయే మీ ఐదున్నర గంటలు. విండోస్ సెట్టింగ్స్‌లో ‘సింక్ నౌ’ నొక్కితే సరవుతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే, గడియారాన్ని స్థానిక సమయంలో ఉంచమని లినక్స్‌కి ఒకసారి చెప్పాలి. రెండింట్లోనూ తేదీ ఏళ్లు వెనక్కి పోతే మాత్రం బోర్డు మీది బిళ్ల సెల్ అయిపోయి ఉంటుంది, మార్పించండి.