నీలం మందు పోసే ముందు

భీమవరం

సౌజన్యా,

పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం ఫొటో తీసి నీ ఫోన్‌కే పంపుతున్నాను.

ఏ కారణమూ లేకుండా చేపలు చచ్చిపోతున్నాయని రాశావు. నువ్వు రాసిందంతా మళ్లీ మళ్లీ చదివాను. కారణం అందులోనే ఉందమ్మా, కాకపోతే అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా ఉంది. అది చెప్పేముందు ఒక మాట. షాపతను ఇచ్చిన నీలం మందు ఇంకా పోయకపోతే పోయకు. రోగమేమిటో తెలియకుండా పోసే మందు ఫిల్టర్లో మిగిలిన కాస్త మంచి బాక్టీరియాని కూడా తుడిచిపెట్టగలదు. మిగిలిన మూడు చేపలకీ ఇప్పుడు ఆ బాక్టీరియాయే దిక్కు.

ఇక్కడ మా ల్యాబుకి రైతు సీసాలో చెరువు నీళ్లు పట్టుకొస్తే మేం మొదట అడిగేది ఎప్పుడు పోయాయి, ఎలా పోయాయి అని. ఒక్క రాత్రిలో సగం పోయాయంటే సాధారణంగా అది రోగం కాదు. విషమైనా అయ్యుండాలి, ఊపిరి అందకపోవడమైనా అయ్యుండాలి. రోజుకి ఒకటీ రెండూ పోతుంటే నీళ్లలో ఏదో మెల్లగా పెరుగుతోంది, లేదా అంటురోగం. తెల్లవారుజామున పోతే డీవో చూస్తాం, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. రాత్రంతా నాచు, మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి కనుక పొద్దు పొడిచే ముందు అది బాగా పడిపోతుంది. అందుకే కొల్లేటి చుట్టుపక్కల రైతులు ఆ వేళకే చెరువుగట్టు ఎక్కుతారు, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయేమో చూసుకోడానికి. నీ రెండడుగుల అద్దాల తొట్టికి కూడా ఇదే లెక్క.

ఇప్పుడు నువ్వు రాసినవి వరసలో పెడతాను. శనివారం మీ అపార్ట్‌మెంట్‌లో సంపు కడిగించారు. ఆ మర్నాడు స్నానం చేస్తుంటే నీళ్లు స్విమ్మింగ్ పూల్ వాసనేశాయి. ఇది నువ్వు వేరే కబుర్ల మధ్య రాశావు గానీ నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఆ వాక్యమే. ఆదివారం ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, ఆ నీళ్లతోనే నింపావు. ఫిల్టర్లోని స్పాంజి జిడ్డుగా ఉందని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండావు. ఆ రాత్రే నాలుగు పోయాయి. సోమ, మంగళ, బుధవారాలు మిగతావి బాగానే తిరిగాయి. గురువారం ఒకటి, నిన్న రెండు.

అంటే ఒక దాని వెనక ఒకటి రెండు దెబ్బలు తగిలాయి. రెంటినీ కలిపి చూడబట్టే నీకు అంతు చిక్కలేదు.

ఆ రాత్రి పోయినవి క్లోరిన్ వల్ల. సంపు కడిగేవాళ్లు బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. మనం తాగిన నీళ్లు కడుపులోకి పోతాయి. చేపకి ఆ నీళ్లు మొప్పల మీదుగా పోవాలి, మొప్పల మీద పల్చటి పొర, దాని వెనకే నెత్తురు. ఆ పొరని క్లోరిన్ కాల్చేస్తుంది. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన తాగునీటి ప్రమాణం. చిన్న చేపల్ని బాధపెట్టడానికి ఆ మాత్రమే చాలు. ముక్కుకి వాసన తగిలేంత ఉందంటే ఇక చెప్పక్కర్లేదు.

గురువారం నుంచి పోతున్నవి అమ్మోనియా వల్లనే అని నా అనుమానం. చేప మొప్పల నుంచీ రెట్ట నుంచీ అమ్మోనియా వస్తూనే ఉంటుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే, మూడోది చాలావరకు నయం. నువ్వు మురికి అనుకుని పిండేసిన ఆ గోధుమరంగు జిగటే ఆ బాక్టీరియా కాపురం. పిండగా మిగిలినవాటిని క్లోరిన్ చూసుకుంది. విషం పెరగడానికి మూడు నాలుగు రోజులు పట్టింది కనుక మధ్యలో అంతా సర్దుకున్నట్టు కనిపించింది. మీది బోరు నీళ్లు కలిసిన సంపు కదా, పీహెచ్ 8 దాకా ఉన్నా ఆశ్చర్యం లేదు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. అలాగని నిమ్మరసం పిండి పీహెచ్ దించబోకు, ఆ కుదుపు ఇంకా ప్రమాదం.

పై వారం అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైట్ లేస్తుంది. గండం గడిచిందని అప్పుడు ఏమరకు. నైట్రైట్ ఎక్కితే నెత్తురు ఆక్సిజన్ మోయలేదు. పంపు బుడగలు కొడుతున్నా చేప పైకొచ్చి రొప్పుతుంది. ఇంకోటి పోతే, పోయిన కాసేపట్లోనే అగ్గిపుల్లతో మొప్ప మూత ఎత్తి చూడు. ఎర్రగా ఉండాల్సిన చోట కాఫీ పొడి రంగు కనిపిస్తే నైట్రైట్. గంటలు గడిస్తే మొప్ప పాలిపోతుంది, ఏమీ తెలియదు.

రోగం ఎందుకు కాదంటున్నానంటే, ఒంటి మీద తెల్ల చుక్కలు లేవు, రెక్కలు చివకలేదు. నత్తలు బతికే ఉన్నాయన్నావు, నత్తకి రాగి గిట్టదు కనుక నీళ్లలో రాగి కలిసిందేమో అన్న అనుమానం కూడా తగ్గింది. ఒక్కటి మాత్రం ఇవాళే మార్చు. ఎయిర్ పంపు పక్క ప్లగ్గులోనే దోమల లిక్విడ్ పెడుతున్నావట. అందులోని మందు చేపలకి పరమ విషం, పంపేమో గదిలో గాలినే లాగి నీళ్లలోకి తోస్తుంది. అదే తగిలుంటే చేపలు వణికేవి, గిరగిరా తిరిగేవి. నీవి అలా చెయ్యలేదు. అయినా దాన్ని ఆ గదిలోంచి తీసెయ్యి.

రెండు రోజులు మేత మానెయ్యి. చేప ఏమీ అయిపోదు, మేత తగ్గితే అమ్మోనియా తగ్గుతుంది. రోజూ పావు వంతు నీళ్లు మార్చు. నీది 60×30×30 సెంటీమీటర్లయితే 54 లీటర్లు, కింద గులకరాళ్లు పోను ఓ 45. అంటే రోజుకి ఓ చిన్న బకెట్. ఆ నీళ్లు ముందురోజే పట్టి, ఎయిర్ స్టోన్ వేసి రాత్రంతా ఆడనివ్వు, యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినట్టు వెయ్యి. బోరు నీళ్లయినా ఇలాగే చెయ్యాలి, అప్పుడే పైకొచ్చిన బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. ఒకసారి 45 గ్రాముల కళ్లుప్పు చెంబుడు నీళ్లలో కరిగించి మెల్లమెల్లగా కలుపు. ఉప్పు ఉంటే నైట్రైట్ మొప్పల్లోంచి లోపలికి పోవడం తగ్గుతుంది. ఆ తర్వాత మార్చిన నీళ్లకి సరిపడా మాత్రమే వెయ్యి, ఉప్పు ఆవిరైపోదు.

స్పాంజిని ఇకమీదట కుళాయి కింద పెట్టకు. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు ముంచి పిండితే చాలు, గోధుమరంగుగానే ఉండనీ. మీ కాలనీలో ఎవరింట్లోనైనా రోగాల్లేకుండా చాన్నాళ్లుగా నడుస్తున్న ట్యాంకు ఉంటే వాళ్ల స్పాంజి ముక్క ఒకటి అడిగి, తడి ఆరకముందే తెచ్చి నీ ఫిల్టర్లో పెట్టు. లేకపోతే బాక్టీరియా మళ్లీ కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

“నా చేతుల్తో నేనే చంపుకున్నానా బాబాయ్” అని అడిగావు. శుభ్రంగా ఉంచాలనే కదమ్మా కడిగావు. చేపలు అమ్మేవాళ్లు ఈ రెండు ముక్కలు చెప్పి అమ్మితే ఎన్నో ఇళ్లల్లో చేపలు బతికేవి. చెప్పరనే నాకు నిజంగా కోపం. మిగిలిన మూడింట్లో రెండు గోల్డ్‌ఫిష్‌లేనా? అవి జానెడు పెరుగుతాయి, రెట్ట కూడా ఎక్కువ, ఆ తొట్టి వాటికి చాలదు. ఇవి కోలుకున్నాక పెద్దది కొనే సంగతి మాట్లాడుకుందాం. ఈలోగా అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం పాటు వరసగా సున్నా చూపించేదాకా కొత్త చేపలు తేవద్దు, పిల్లలు ఎంత అడిగినా సరే.

స్ట్రిప్పులు కాకుండా చుక్కల టెస్ట్ కిట్ కొను, రంగు పగటి వెలుతురులో చూడు. రేపు నీళ్లు మార్చకముందు అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ మూడూ చూసి, సంపు నీళ్ల పీహెచ్ కూడా విడిగా చూసి, ఫోన్‌లో పంపు. ల్యాబులో ఉన్నా చూస్తాను.

మీ బాబాయి