తీరరక్షకుల పనిముట్లకు ధనము కూడబెట్టుట

గోదావరి పోచంపాడు దాటి పోవునప్పుడు మన ఆర్మూరునకు మిక్కిలి చేరువగానే పోవును. ఆ నీరు పిదప ఎచ్చటికి పోవునని అడిగినచో క్రింది తరగతి బాలురు సైతము "సముద్రములోనికి" అని చెప్పగలరు. అచ్చట నది చేయు పనిని గూర్చి మాత్రము మనము తలచుట అరుదు. ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ అను ప్రధాన శాఖలుగా చీలి, అంతర్వేదియొద్దను, యానాము దాటి కోరంగి ప్రాంతమునను కడలిని కలియుచు, ఎన్నియో వేలయేండ్లుగా తెచ్చిన ఒండ్రుతో ఆ నది డెల్టాను నిర్మించినది.

1963వ సంవత్సరము జూలై 26వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరు జలాశయమునకు తొలుత 112 టి.ఎం.సి.ల నిల్వ లెక్కింపబడెను. పూడిక చేరుటవలన నేడది 80 టి.ఎం.సి.లకు దగ్గరగా దిగినది. ఇచ్చట నిలిచిన మన్ను అచ్చటికి చేరదు గదా! నదిపైనను ఉపనదులపైనను గల అనేక జలాశయములు ఒండ్రును ఇట్లే ఆపుటచేత డెల్టా తీరము కోసుకొనిపోవుచున్నదని ఆంధ్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తెలిపియున్నారు. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ గ్రామస్థులు ఇండ్లు సముద్రము పాలగుట కన్నులార చూచినవారు. ఉప్పాడ కోతకు వేరు కారణములును కలవు. నేరమంతయు మన ఆనకట్టదే యని మేము చెప్పము. అయినను సముద్రమెన్నడును చూడని పసుపు రైతుబిడ్డను తీరరక్షణమునకై ఒక రూపాయి అడుగుట పరాయివారి కొరకు భిక్షమెత్తుట కాదని తెలియుటకు ఇంతవరకు చెప్పవలసి వచ్చినది.

ఇక తీరరక్షణ సంఘములు చేయు పనిని చూతము. మన తెలుగు తీరమున పేరు పొందినది సముద్రపు తాబేళ్ల సంరక్షణము. జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే జాతి ఆడ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డునకు వచ్చి, ఇసుకలో సుమారు మూరెడు లోతు గుంట త్రవ్వి, నూరు గ్రుడ్లకు అటునిటుగా పెట్టి, గుంట పూడ్చి మరలిపోవును. ఇక తల్లి తిరిగి చూడదు. కుక్కలు, నక్కలు, పందులు ఆ గ్రుడ్లను త్రవ్వి తినును. అలలు కొన్నింటిని కొనిపోవును. కావున కార్యకర్తలు రాత్రులయందు తీరము వెంబడి నడచి, గూళ్లను కనుగొని, అటవీశాఖ అనుమతితో గ్రుడ్లను కొద్ది గంటలలోనే, దొర్లింపక, కంచె వేసిన కేంద్రమునకు చేర్చి మరల పాతిపెట్టుదురు. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వేడిమి హెచ్చినచో ఆడపిల్లలును, తగ్గినచో మగపిల్లలును పుట్టుట ఇందలి వింత. అందుచేత ఉష్ణమాపకము అచ్చట అలంకారము కాదు, అవసరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఈ జాతి చేరియున్నది. అనుమతి లేక గ్రుడ్డు ముట్టుట నేరము.

విశాఖపట్టణమున 1996లో ఏర్పడిన జంతు సంరక్షణ సంఘమును, చెన్నపట్టణము కేంద్రముగా 2002లో ఏర్పడి ఆంధ్రతీరపు మత్స్యకార యువకులతో కలిసి పనిచేయు ట్రీ ఫౌండేషనును ఇట్టివే. చెన్నపట్టణమందే 1988లో విద్యార్థులు తమకు తామే ఒక సంఘముగా కూడి తీరము నడచుట ఆరంభించిరి. విద్యార్థులవలన ఏమగునని అడుగువారికి ఆ సంఘము నేటికిని జవాబు చెప్పుచున్నది.

వీరికి కావలసిన సాధనములేవి? కంచెకు వల, గుంజలు, ఉష్ణమాపకములు, బకెట్లు, చేతిదీపములు, నడవలేనంత దూరమునకు ఒక మోటారు సైకిలు. దీపమునుగూర్చి ఒక మాట. తెల్లని వెలుగు తాబేలును బెదరించును, పిల్లలకు దారి తప్పించును. ఎఱ్ఱని వెలుగు అంతగా బాధింపదు. కావున వెలగల దీపము లేనివారు మామూలు దీపమునకు ఎఱ్ఱని పలుచని కాగితము కట్టి పని జరుపుకొందురు. చందా అడుగుటకు పూర్వము కొనక జరుగునవి ఎవ్వియో చూచుకొనుట ధర్మము.

పిదప లెక్క. ఈ లెక్కను పై తరగతులవారు పలకపై వేసి చూడవచ్చును. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల కేంద్రమునకు కంచె 32 మీటర్లు. చదరపు మీటరున కొక్క గూడు చొప్పున 60 గూళ్లు, అనగా సుమారు 6,000 గ్రుడ్లు అందులో ఇమిడియుండును. పొడవు వెడల్పులను రెట్టింపు చేసినచో కంచె 64 మీటర్లే, గూళ్లు మాత్రము 240. ధనము ఇచ్చువారికి ఈ లెక్క ఇంపుగా తోచును. ఒక్కటే పెద్దది కట్టుడందురు. అయితే ఒక్క ఉప్పెన వచ్చినచో 240 గూళ్లును ఒక్కనాడే పోవును. ఖర్చు కొంత హెచ్చినను రెండుచోట్ల చిన్నవి కట్టుట మేలని మా తలంపు. సంఘమువారు దాతకు ఈ సంగతి దాచక చెప్పవలెను.

కంచెలోపలి గ్రుడ్లు సురక్షితమైనను, కడలిలోని తల్లి మాట వేరు. మరబోటులు ఈడ్చు పెద్ద వలలో చిక్కిన తాబేలు గాలి పీల్చుటకు పైకి రాలేక ప్రాణము విడుచును. దీనికి తాబేలు తప్పించు సాధనమును కనిపెట్టిరి. వల గొంతులో కమ్ముల చట్రము ఏటవాలుగా అమర్చుదురు. రొయ్యలు కమ్ముల నడుమనుండి లోపలికి పోవును, తాబేలు చట్రమునకు తగిలి పైనున్న ద్వారమున వెడలిపోవును. మనదేశమున కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనిని మన వలలకు తగినట్లు రూపొందించినది. చేపలు కొన్ని ఆ ద్వారముననే జారిపోవునని బోటువారి గొణుగుడు. ఆ గొణుగుడు అబద్ధమని కొట్టివేయుట తగదు. దినకూలి వలమీద ఆధారపడినవానికి నాలుగు చేపలును నాలుగే. 2019లో అమెరికా ప్రభుత్వము, తాబేళ్లను కాపాడు నియమము నెరవేరలేదని, మన సముద్రపు రొయ్యలను కొనుట మానినది. అప్పుడు తాబేలు నష్టము బోటువాని నష్టము కూడనైనది. పిమ్మట ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద ఈ సాధనపు వెలను కేంద్రము 60 వంతులు, రాష్ట్రము 40 వంతులు భరించునట్లు ఏర్పాటు జరిగెను. ఊరివారి చందాతో తీరవలసినది ఏది, ప్రభుత్వ ధనముతో తీరవలసినది ఏది యని వేరుపరచుకొనుటకు ఇది మంచి దృష్టాంతము. కంచె వల మనము కొనవచ్చును. వేలకొలది మరబోటుల చట్రములు చందాలతో తీరవు.

ఈ సంగతి పసుపు పండించు మనకు క్రొత్త గాదు. కొమ్ములను ఉడకబెట్టు బాయిలరును ప్రతి రైతును కొనడు. ఒకరు కొన్నదానిని పలువురు అద్దెకు తెచ్చుకొందురు. అద్దెతోపాటు కట్టెలు, కూలి, మరమ్మతు ఎవరివని ముందే మాటాడుకొందురు. దాత యిచ్చిన యంత్రములలో చెడునది తరచుగా ఈ మాటాడుకొనని చోటనే. మోటారు సైకిలు ఇచ్చిన దాత పెట్రోలు ఇయ్యడు. రెండవ యేట అది గోడకు చేరబడి త్రుప్పు పట్టును. కాబట్టి అర్జీలో యంత్రపు వెల ప్రక్కనే మూడేండ్ల నడుపుడు ఖర్చును వ్రాయవలెను.

ధనము వచ్చు దారులు పలు విధములు. 2013 కంపెనీల చట్టపు 135వ సెక్షను ప్రకారము పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు సమాజహితమునకు వెచ్చింపవలెను. పర్యావరణ రక్షణము అందు చేరియున్నది. విదేశపు ధనమునకు 2010 చట్టము క్రింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేక ఒక్క పైసయు పుచ్చుకొనరాదు. 2020 సవరణ తరువాత అందు కార్యాలయపు ఖర్చు నూటికి 20 మించరాదు. చిన్న చందాల దారి మనకు తెలిసినదే. దేవాలయములలో కోతపండుగనాడు తెచ్చిన ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు వేలము వేయుట మన విద్యార్థులు చూచియే యుందురు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పిమ్మట నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావుగార్లు ఊరూర తిరిగి విరాళములు పోగుచేసిరి.

మన జిల్లాలో మఱియొక పెద్ద ఉదాహరణమున్నది. స్కాట్లండునుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్‌గారును ఆమె భర్తయు డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల వైద్యశాల నెలకొల్పిరి. దానికి పెద్ద విరాళమిచ్చినవారు రాజా నర్సాగౌడుగారు, హిందువు. మిషనువారి పనికి అన్యమతస్థుడేల ఇచ్చెనని కొందరు అడుగవచ్చును. రోగులను ఇచ్చట కన్నులార చూచిన దాతకు ఆ ప్రశ్నయే పుట్టియుండదని మా అభిప్రాయము. తాబేళ్ల సంఘమువారికి గల చిక్కు ఇదియే: ఆర్మూరు దాత కంచెను చూడజాలడు. చూడలేనివానికి లెక్క చూపవలెను. ఎన్ని గూళ్లు పాతిరి, ఎన్ని పిల్లలు వెలువడెను, ఎన్ని గ్రుడ్లు చెడెను అను మూడంకెలను, పేలవముగా నున్నను, యేటేట పంపవలెను. చెడిన గ్రుడ్ల అంకె లేని నివేదికను మేము నమ్మము.

కడపట కాలమునుగూర్చి. పసుపు అమ్మిన సొమ్ము మన ఇండ్లకు వచ్చునది మార్చి మొదలు మే వరకు. కంచె వల కావలసినది డిసెంబరులో. కావున మే నెలలో కూడిన చందా ఆరు నెలలు బ్యాంకిలో నుండవలెను. రసీదు పుస్తకము ఒకరియొద్దను, బ్యాంకి పుస్తకము వేరొకరియొద్దను ఉండుట మంచిది. జూన్‌లో బడి తెరచిన నాడు ఒకసారి, నవంబరులో ధనము పంపునాడు ఒకసారి, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి తరగతిలో బిగ్గరగా చదువవలెను.