నది నేలను చూపు కంప్యూటరు పటము

ఆనకట్టను తీసివేసినంత మాత్రమున నది బాగుపడదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో ఎల్వా నదిపై 1913, 1927 సంవత్సరములలో పూర్తయిన రెండు ఆనకట్టలు సాల్మన్ చేపల దారిని మూసివేసినవి. 2011–2014 మధ్య వానిని తొలగించిరి. జలాశయముల అడుగున పేరుకొన్న ఒండ్రు, ఇసుక, గులకరాళ్లు బయటపడెను.

ఎచట ఏమి నాటవలెను? విమానము నుండి లేజరు కిరణములతో మిట్టపల్లములను కొలిచి, ఫొటోలు తీసి, కంప్యూటరుపై నేల రూపమును చూచిరి. వేర్వేరు తేదీల పటములను పోల్చగా, నది గట్టును కోయు చోటు, మేట వేయు చోటు తెలిసెను. కోతపడు గట్టున నాటిన మొక్క నదిపాలే గదా!

అయినను పటము చాలదు. మన్ను చేతపట్టి చూడవలెను. మెత్తని ఒండ్రులో మొక్కలు త్వరగా లేచినవి. తేమ నిలువని గులక నేల వెనుకబడెను. అచట చల్లిన లూపిన్ బాగుగా పెరిగెను. మన జనుము వలె అదియు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును.

వరద మీ పొలమున ఇసుక మేట వేసినపుడు ఈ వరుసనే పాటించవలెను: ముందు మిట్టపల్లములు, పిదప మన్ను, ఆపైన విత్తనము.