వేరుశెనగ పచ్చడి: మంచి గుళ్లు షావుకారుకు, ఏరివేత మన రోటికా?

పెందుర్తి నుంచి సబ్బవరం పోయే దారిలో ఓ రైతు ఇంటి అరుగు మీద మూడు కుప్పలు కనిపించాయి. మొదటిది నున్నగా, నిండుగా ఉన్న వేరుశెనగ గుళ్లు. పక్కన విత్తనానికి దాచిన కాయలు. మూడోది చిన్న కుప్ప. అందులో నొక్కులు, పగిలినవి, పొట్టు నల్లబడినవి, పురుగు తొలిచినవి ఉన్నాయి. చేట పట్టుకుని కూర్చున్న పెద్దావిడను "ఈ మూడోది ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

"ఇంట్లో పచ్చడికి బాబూ. మంచియి అమ్ముకోమా? ఇయ్యి పారేత్తామేటి?" అంది.

ఆమె మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అర ఎకరం, ఎకరం మెట్ట ఉన్న ఇళ్లలో జరిగేది ఇదే. మా ఇంట్లో మా అమ్మ చేసిందీ ఇదే. గుండ్రటి గుళ్లు బస్తాలోకి, మిగిలింది మూకుట్లోకి. కానీ రైతు సోదరులారా, వేరుశెనగ విషయంలో మాత్రం ఈ లెక్క తిరగబడాలి. కారణం చెప్పే ముందు ఆ పచ్చడి విలువేమిటో చూద్దాం. దాని విలువ తెలియకే మనం దాన్ని ఏరివేతతో చేసుకుంటున్నాం.

పచ్చడిలో ఏముంది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 100 గ్రాముల వేరుశెనగ గుళ్లలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు, 40 గ్రాముల కొవ్వు ఉంటాయి. శక్తి 567 కాలరీలు. పొలం పని చేసే మనిషికి ఇంత తక్కువ పరిమాణంలో ఇంత బలమిచ్చే తిండి మన చేలో పండేవాటిలో మరొకటి కనపడదు. నూనె తీసేసిన చెక్కలో మాంసకృత్తులు ఇంకా ఎక్కువ. అందుకే దాన్ని పశువులకు పెడతాం.

ఇందులో నియాసిన్ అనే బి విటమిను కూడా పుష్కలం. ఇది చాలనప్పుడు వచ్చే జబ్బు పెల్లాగ్రా. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు కడుతుంది, నోరు పూస్తుంది. దక్కను పీఠభూమిలో జొన్న మీదే బతికే కూలి జనంలో ఈ జబ్బును 1960 ప్రాంతంలో డాక్టర్ సి. గోపాలన్ బృందం హైదరాబాదులోనే పరిశోధించింది. జొన్నరొట్టె తినేవారికి పల్లీ పొడి మంచి తోడు.

అయితే వేరుశెనగ మాంసకృత్తుల్లో ఓ కొరత ఉంది. లైసిన్ అనే భాగం తక్కువ. బియ్యంలోనూ అదే తక్కువ. కాబట్టి ఒట్టి అన్నంలో ఒట్టి పల్లీ పచ్చడి కలుపుకుంటే కడుపు నిండుతుంది గానీ ఆ కొరత తీరదు. పప్పుధాన్యాల్లో లైసిన్ ఎక్కువ. పల్లీ పచ్చడిలో గుప్పెడు వేయించిన శెనగపప్పు, అంటే పుట్నాలు, వేయడం మంచి అలవాటు. చిక్కదనానికి, ఖర్చు కలిసి రావడానికి వేస్తున్నామని అనుకుంటాం గానీ ఒంటికి మేలూ అందులోనే ఉంది.

అయిదుగురున్న ఇంటికి 150 గ్రాముల గుళ్లు, 50 గ్రాముల పుట్నాలు వేసి పచ్చడి చేశారనుకోండి. మనిషికి దాదాపు 10 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ఒక కోడిగుడ్డులో ఉండేది 6, 7 గ్రాములే. నాణ్యతలో గుడ్డుదే పైచేయి, కాదనడం లేదు. కానీ రోజూ అయిదు గుడ్లు కొనే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి?

మన వైపు చోడి అంబలి ఉండనే ఉంది. చోళ్లలో సున్నం, అంటే కాల్షియం, 100 గ్రాములకు 344 మిల్లీగ్రాములు. వేరుశెనగలో అది తక్కువ. చోళ్లలో తక్కువగా ఉండే మాంసకృత్తులు, కొవ్వు వేరుశెనగలో ఎక్కువ. రాయలసీమ రైతు రాగిసంగటిలోకి ఊరిబిండి నూరుకోవడంలో ఉన్న తెలివి ఇదే. చెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉల్లిపాయ రోట్లో కచ్చాపచ్చాగా దంచుతారు. తెలంగాణలో బగారా వంకాయ గుజ్జుకు పల్లీలు, నువ్వులు, కొబ్బరి ఆధారం. ఒకప్పుడు రబ్బరు తోటల పనికి మన ఉత్తరాంధ్ర నుంచి మలయా వెళ్లిన తెలుగువారి మనుమలు అక్కడ సాతే అనే పుల్లలకు గుచ్చి కాల్చిన మాంసాన్ని పల్లీ గుజ్జులోనే ముంచుకుని తింటారు. పశ్చిమ ఆఫ్రికాలో మాంసం కూరకు చిక్కదనం పల్లీ ముద్దే. 1996లో ఫ్రాన్సులో రూపొందించిన, బాగా చిక్కిపోయిన పిల్లలను కోలుకునేలా చేసే పొట్లం ముద్దలో ముఖ్య దినుసు కూడా వేరుశెనగే. దానికి పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు చేర్చారు. మన రాష్ట్రంలో 2020 నుంచి బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంలో పల్లీ చిక్కీ ఇచ్చిందీ ఈ బలం కోసమే.

మూడో కుప్పలో ఏముంది?

1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిపోయాయి. రోగమేమిటో ముందు ఎవరికీ అంతుబట్టలేదు. చివరికి దాణాలో వాడిన వేరుశెనగ చెక్కలో బూజు విషం ఉందని తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపు పచ్చ బూజు దీన్ని తయారు చేస్తుంది. విషం పేరు అఫ్లాటాక్సిన్. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మోతాదు ఎక్కువైతే కామెర్లు, పొట్టలో నీరు వచ్చి మనిషి పోతాడు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సరుకు దారి తీస్తుంది. హెపటైటిస్-బి ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ఇలాంటి తిండి తినే పిల్లల్లో ఎదుగుదల తగ్గుతోందని పశ్చిమ ఆఫ్రికాలో జరిపిన పరిశోధనలు సూచించాయి.

ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకోకండి. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వర్షానికి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు. దానిపై పరిశోధన చేసింది మన హైదరాబాదు పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. వాళ్లు తిన్నది మొక్కజొన్న, విషం మాత్రం ఇదే. ఆ జనానికి కూడా పారేయడానికి మనసు రాలేదు.

దీనికి రుచి లేదు, వాసన లేదు. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పోదు. ఉడికించినా, నూరినా, పోపు పెట్టినా పోదు. చేదు గుడ్డు తగిలితే ఉమ్మేస్తాం. కానీ పచ్చడిలో నలిగిపోయిన చేదును వెల్లుల్లి, చింతపండు కప్పేస్తాయి.

ఒక మంచి సంగతి కూడా ఉంది. ఈ విషం బస్తా అంతటా సమంగా పరుచుకుని ఉండదు. ఎక్కువ భాగం కొద్దిపాటి చెడ్డ గుళ్లలోనే పేరుకుంటుంది. నొక్కులు, పగుళ్లు, రంగు మారినవి, పురుగు తొలిచినవి వాటి స్థావరం. అంటే చేట ముందు కూర్చుని ఏరే ఆ పెద్దావిడ చేతులు ప్రయోగశాల చేసే పనిలో చాలా భాగం చేసేస్తున్నాయి. విషమున్న కుప్పను విడదీసింది ఆమే. దాన్ని తిరిగి ఇంట్లోకి తీసుకెళుతోందీ ఆమే.

పెళుసుగా ఎండి, రంగు మారని చిన్న గుడ్డు ప్రతిదీ విషమని నేననడం లేదు. కానీ ముడుచుకుపోయిన నొక్కుల్లో ఏది మంచిదో ఏది కాదో కంటితో తేల్చలేం. పచ్చడికి కావలసింది 150 గ్రాములు. అది మొదటి కుప్పలోంచే తీయండి. నెలకు పది పదిహేను సార్లు చేసుకున్నా రెండుంపావు కిలోలు దాటదు.

పచ్చడి చేసే పద్ధతి

గుళ్లు సన్నని సెగ మీద, చేయి ఆపకుండా వేయించండి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చల్లారాక అరచేతుల మధ్య నలిపి పొట్టు చెరిగేయండి. పొట్టులో పీచు ఉంది కదా, ఎందుకు తీయడం అని కొందరంటారు. పొట్టు తీస్తేనే గుడ్డు ఒళ్లు కనిపిస్తుంది, అందుకు. పైకి బాగానే ఉండి లోపల బూజు పట్టినవి ఉంటాయి. గుడ్డును రెండు బద్దలు చేస్తే మధ్యలో నల్లటి, గోధుమ రంగు మరక ఉంటుంది. వేయించాక అవి మిగతావాటి కంటే ముదురు రంగులో తేలతాయి. ఈ రెండో ఏరివేతకు పట్టేది అయిదు నిమిషాలు.

తర్వాత ఆరు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గోళీకాయంత చింతపండు, పుట్నాలు, ఉప్పు వేసి రోట్లోనో మిక్సీలోనో నూరండి. కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. ఆవాలు, కరివేపాకు పోపు పెట్టాక, పొయ్యి దించి సగం నిమ్మచెక్క పిండండి. వేరుశెనగలోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మలోని సి విటమిను సాయపడుతుంది. మామిడికాయ రోజుల్లో చింతపండు బదులు పచ్చి మామిడి ముక్క వేస్తే రుచీ వస్తుంది, ఈ పనీ జరుగుతుంది. పొద్దున చేసింది రాత్రికి ఖాళీ చేయండి. పట్నం టిఫిన్ బండి మీద బకెట్లో కనిపించే నీళ్ల చట్నీతో దీన్ని పోల్చుకోకండి. అందులో వేరుశెనగను వెతుక్కోవాలి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఉప్పు, కారం వేయకముందే చెంచాడు ముద్ద తీసి, పల్చటి చోడి జావలో కలిపి పెట్టండి. ఆరు నెలలు నిండాకే సుమా. మొదటిసారి చాలా కొద్దిగా పెట్టి చూడండి. దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తే ఆపి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. అయిదేళ్ల లోపు పిల్లల చేతికి మాత్రం గుళ్లు ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడతాయి.

మూడో కుప్ప చిన్నదవ్వాలంటే

పచ్చడి భద్రత పొలంలోనే మొదలవుతుంది. పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం మొదళ్ల వద్ద వేసి మట్టి ఎగదోస్తే కాయ గట్టిపడుతుంది, నొక్కులు తగ్గుతాయి. కాయ ఊరే చివరి వారాల్లో బెట్ట తగిలితే బూజు నేలలోనే కాయలోకి దిగుతుంది. అవకాశమున్నవారు అప్పుడు ఒక్క తడి ఇవ్వండి. కలుపు తీసేటప్పుడు, పీకేటప్పుడు పార తగిలిన కాయలను అక్కడికక్కడే వేరు చేయండి.

మన జిల్లాకు అసలు గండం అక్టోబరు, నవంబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది సరిగ్గా ఖరీఫ్ కాయ ఇంటికి చేరే రోజుల్లోనే. పీకిన మొక్కలను పచ్చిగా కుప్ప వేయకండి. కాయలు పైకి, ఆకులు కిందికి ఉండేలా వరుసల్లో తిరగేసి రెండు మూడు రోజులు గాలి ఆడనివ్వండి. వాన వచ్చేలా ఉంటే కళ్లంలో టార్పాలిన్ కప్పి మూసేయడం తప్పదు, కానీ తెరిపి ఇవ్వగానే తీయండి. లోపల చెమ్మ ఉండి పైన కప్పి ఉంచడమంటే బూజుకు పందిరి వేసి పెంచడమే.

కాయలో తేమ 8, 9 శాతానికి దిగాలి. యంత్రం లేకపోతే చెవి దగ్గర కాయను ఊపండి. లోపల గుడ్డు గలగలలాడాలి. గుడ్డును వేళ్లతో రుద్దితే పొట్టు ఊడాలి, నొక్కితే వంగకుండా టక్కున విరగాలి. కాయలు వలవడం తేలికవుతుందని నీళ్లు చల్లే అలవాటు కొందరికి ఉంది. అది పూర్తిగా మానుకోండి. ఎండబెట్టిన కష్టమంతా ఆ చెంబెడు నీళ్లతో పోతుంది. ఇంటి వాడకానికి దాచేది కాయగానే దాచి, వారానికి సరిపడా వలుచుకోండి. గోనె సంచులను చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

పెందుర్తి పక్కన విశాఖ ఉండటం మన రైతుకు కలిసొచ్చే సంగతి. పోర్టు, స్టీలు ప్లాంటు చుట్టూ ఉన్న టిఫిన్ కొట్లన్నీ పొద్దున్నే పల్లీ చట్నీ నూరేవే. బాగా ఎండి, ఏరిన గుళ్లకు అక్కడ గిరాకీ ఉంటుంది. మహిళా సంఘాలు పల్లీ పొడి చేసి అమ్మదలిస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ప్రపంచ మార్కెట్లో శుద్ధి చేయవలసిన వేరుశెనగకు కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాముల అఫ్లాటాక్సిన్. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దీన్ని తక్కువ ఖర్చుతో పరీక్షించే పద్ధతి కూడా రూపొందించింది.

ఇంక ఆ మూడో కుప్ప సంగతి. గానుగకు పట్టించి ఇంటి నూనె చేసుకుందాం అనుకోవద్దు. పెద్ద ఫ్యాక్టరీల శుద్ధిలో విషం చాలావరకు పోతుంది గానీ, గానుగ నూనెలో కొంత దిగుతుంది, చెక్కలో మరింత ఉండిపోతుంది. ఆ చెక్క గేదెకు పెడితే విషం రూపు మారి పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేదీ మన పిల్లలే. కోళ్లకు, బాతులకు వేయడం మరీ ప్రమాదం. ఇంటికి దూరంగా మోకాలి లోతు గుంత తీసి పూడ్చండి. కోళ్లు కెలకకుండా పైన మట్టి గట్టిగా తొక్కండి.